పాత బ్యాక్‌హో లోడర్ బ్రేకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మన దగ్గర ఏ కంపెనీ బ్యాక్‌హో అయినా జనం నోట జేసీబీయే. కానీ బ్రేకుల దగ్గర ఆ అలవాటు పనికిరాదు, ఎందుకంటే కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి లోపలి సరుకు మారుతుంది. ఇక్కడ చెబుతున్నది రెండు బ్రేక్ పెడళ్లు, ఒక్కో పెడల్‌కు ఒక్కో మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను ఒత్తిడితో నెట్టేది), వెనక యాక్సిల్ లోపల ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేక్ ప్లేట్లు ఉన్న పాత బండ్ల గురించి. జేసీబీ 3సీఎక్స్ తరహా బండ్లు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. డ్రమ్ బ్రేకులున్న పాత ట్రాక్టర్‌కు వెనక బకెట్ బిగించిన బండైతే మాస్టర్ సిలిండర్ సంగతులు, బ్రేక్ పైపుల్లోంచి గాలి తీసే పద్ధతి (బ్లీడింగ్) పనికొస్తాయి గానీ యాక్సిల్ సంగతులు వర్తించవు.

బ్రేకు సరిగా లేదు. ముందు ఏం విప్పాలి?

ఏమీ విప్పొద్దు. ముందు బండి మీది బ్రేక్ ఆయిల్ డబ్బా (రిజర్వాయర్) మూత తీసి ఆయిల్ ఎంత ఉందో, ఏ రంగులో ఉందో, అసలు అది ఏ ఆయిలో చూడండి. పాత బ్యాక్‌హోల్లో పెద్ద ఖర్చు తెచ్చే బ్రేకు పనుల వెనక తరచూ కనిపించే కారణం తప్పు ఆయిల్ పోయడమే.

బ్రేక్ ఆయిల్ రెండు జాతులు. కార్లు, లారీల్లో వాడే డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ రకం. 3సీఎక్స్ తరహా బండ్లు చాలావాటికి కంపెనీ చెప్పేది మాత్రం లైట్ హైడ్రాలిక్ ఫ్లూయిడ్, అంటే పలచటి మినరల్ ఆయిల్. రెండిటికీ సీళ్ల (ఆయిల్ కారకుండా అడ్డుపడే రింగుల) రబ్బరు వేరు. మినరల్ ఆయిల్‌కు నైట్రైల్ రబ్బరు, డాట్ ఆయిల్‌కు ఈపీడీఎం రబ్బరు వాడతారు. డాట్ సిస్టమ్‌లో మినరల్ ఆయిల్ పోస్తే ఈపీడీఎం సీలు పిండిలా ఉబ్బి మెత్తబడుతుంది. మినరల్ సిస్టమ్‌లో డాట్ పోస్తే నైట్రైల్ సీలు పాడై లీకవుతుంది. పోసిన రోజే ఏమీ తెలియదు. కొన్ని రోజులకో వారాలకో పెడల్ దిగిపోవడం మొదలవుతుంది. అప్పటికి ఎవరు ఏం పోశారో ఎవరికీ గుర్తుండదు.

డబ్బా మూత మీది రాత, క్యాబిన్‌లోని స్టిక్కర్, ఆ సీరియల్ నంబరుకు సరిపోయే మాన్యువల్, ఈ మూడింటినే నమ్మండి. షాపులో "బ్రేక్ ఆయిల్ ఇవ్వు" అని అడిగితే చేతికొచ్చేది డాట్ డబ్బానే.

స్టిక్కర్ చెరిగిపోయింది. సెకండ్ హ్యాండ్ బండి. లోపల ఏ ఆయిల్ ఉందో ఎలా తెలుస్తుంది?

గాజు గ్లాసులో సగం మంచినీళ్లు పోసి, డబ్బాలోంచి సిరంజితో తీసిన ఆయిల్ అయిదారు చుక్కలు వేసి పుల్లతో కలపండి. రెండు నిమిషాలు ఆగి గ్లాసును వెలుతురుకు పెట్టి చూడండి. నీళ్లలో కలిసిపోయి ఎక్కడా పొర కనిపించకపోతే అది గ్లైకాల్, అంటే డాట్ రకం. పులుసు మీద నూనె తేలినట్టు గుండ్రటి చుక్కలుగా పైకి చేరితే మినరల్. కొంత కలిసి కొంత తేలితే ఎవరో రెండూ కలిపేశారన్నమాట.

ఈ పరీక్ష లోపల ఉన్నదేమిటో చెబుతుంది గానీ ఉండాల్సింది ఏమిటో చెప్పదు. ఆ రెండో మాట కోసం సీరియల్ ప్లేట్ ఫోటో తీసి స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో చూపించండి. సీల్ కిట్ ఆర్డర్ చేసేటప్పుడూ ఆ నంబరే కావాలి.

పొరపాటున తప్పు ఆయిల్ పోశాం. ఇప్పుడేం చేయాలి?

పోశాక పెడల్ నొక్కారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నొక్కకముందే గమనిస్తే అదృష్టం. బండి స్టార్ట్ చేయకుండా, పెడల్ ముట్టుకోకుండా డబ్బాలోది మొత్తం సిరంజితో తోడేయండి. డబ్బా విప్పి తుడిచి, సరైన ఆయిల్‌తో ఒకసారి కడిగి, నింపి, రెండు వైపులా ధారాళంగా గాలి తీయండి.

నాలుగు రోజులు పని చేశాక తెలిస్తే ఆ ఆయిల్ తాకిన ప్రతి రబ్బరూ మార్చాలి. రెండు మాస్టర్ సిలిండర్ల కిట్లు, రబ్బరు హోసులు, యాక్సిల్ లోపలి పిస్టన్ సీళ్లు, అన్నీ. మాస్టర్ సిలిండర్ కిట్లు మాత్రమే మార్చి వదిలేస్తే యాక్సిల్ లోపలి సీలు తరవాత పోతుంది. యాక్సిల్ విప్పే కూలి అప్పుడెలాగూ తప్పదు. స్టీల్ పైపుల్ని సరైన ఆయిల్‌నే పంపి కడగండి. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు వాడొద్దు. వాటి తడి మిగిలినా కొత్త సీళ్లకు చేటే.

సైటులో సరైన ఆయిల్ దొరక్క బకెట్ హైడ్రాలిక్ ఆయిల్ పోయవచ్చా అని చాలామంది అడుగుతారు. మినరల్ సిస్టమ్‌లో అది డాట్ అంత హాని చేయదు. కానీ లైట్ ఫ్లూయిడ్ 15 గ్రేడ్, హైడ్రాలిక్ ట్యాంకులోది 46 లేదా 68 గ్రేడ్. ఆ చిక్కదనానికి పెడల్ వదిలాక ఆయిల్ తొందరగా వెనక్కి రాదు, బ్రేకు పట్టే ఉంటుంది. బండిని షెడ్డు దాకా తెచ్చుకోవడానికైతే సరే, పని చేయించడానికి కాదు.

బండి కింద చుక్క తడి లేదు. అయినా రెండు రోజులకోసారి ఆయిల్ పోయాల్సి వస్తోంది. ఎక్కడికి పోతోంది?

రెండు చోట్లకు పోవచ్చు. తేలికైనది ముందు చూడండి. మాస్టర్ సిలిండర్ వెనక, పెడల్ రాడ్డు లోపలికి వెళ్లే చోట రబ్బరు బూటు ఉంటుంది. దాని అంచు వేలితో మడిచి చూడండి. లోపల తడిగా ఉంటే సిలిండర్ వెనక సీలు పోయింది. ఆ ఆయిల్ క్యాబిన్ మ్యాటు కిందికో, ఫ్లోర్ ప్లేటు మీది మట్టిలోకో ఇంకిపోతుంది కాబట్టి నేల మీద కనిపించదు.

బూటు పొడిగా ఉంటే ఆయిల్ యాక్సిల్‌లోకి పోతోంది. పెడల్ నొక్కినప్పుడు ఆయిల్ యాక్సిల్‌లోని పిస్టన్‌ను నెడుతుంది, పిస్టన్ ప్లేట్లను నొక్కుతుంది. ఆ పిస్టన్ సీలు అరిగితే నొక్కిన ప్రతిసారీ కొంచెం బ్రేక్ ఆయిల్ గేర్ ఆయిల్‌లో కలుస్తుంది. బండిని సమానమైన నేల మీద నిలిపి, చల్లారాక, వెనక యాక్సిల్ లెవెల్ ప్లగ్ విప్పండి. ఆయిల్ రంధ్రం కింది అంచు దాకా ఉండటం సరైన లెవెల్. ప్లగ్ విప్పగానే ధారగా బయటికొస్తే, పైగా ఆ మధ్య ఎవరూ గేర్ ఆయిల్ పోయలేదని తెలిస్తే, వచ్చేది మీరు రోజూ పోస్తున్న బ్రేక్ ఆయిలే. కొన్ని బండ్లలో బ్రీదర్ (యాక్సిల్ లోపలికి, బయటికి గాలి ఆడే చిన్న దారి) దగ్గర ఆయిల్ చిమ్మినట్టు కనిపిస్తుంది, అదీ గుర్తే.

ఇలా పోసుకుంటూ నడపొద్దు. పలచబడిన గేర్ ఆయిల్ క్రౌన్ పినియన్‌ను (యాక్సిల్ లోపలి ప్రధాన గేర్లను), బేరింగుల్ని తినేస్తుంది. సీలు పనితో పోయేది యాక్సిల్ ఓవర్‌హాల్ దాకా వెళ్తుంది. అంతకన్నా ముఖ్యం, సీలు ఏ రోజు పూర్తిగా తెగుతుందో చెప్పలేం. తెగినప్పుడు బండి రోడ్డు మీద ఉండవచ్చు, లేదా మనుషులు నిలబడ్డ గుంత పక్కన ఉండవచ్చు.

ఎడమదా కుడిదా? యాక్సిల్ విప్పకుండా తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. చాలా యాక్సిళ్లలో రెండు వైపుల ప్లేట్లూ మధ్య హౌసింగ్ ఆయిల్‌లోనే ఉంటాయి కాబట్టి ఆయిల్ చూసి ఏ వైపో చెప్పలేం.

ఇంజిన్ ఆపి, చక్రాలకు ముందూ వెనకా దుంగలు పెట్టండి. అనుమానం ఉన్న వైపు యాక్సిల్‌కు వచ్చే బ్రేక్ పైపు విప్పి, ఆ రంధ్రానికి సరిపోయే అడాప్టర్‌తో అడుగు పొడవు పారదర్శక పైపును నిలువుగా బిగించండి. అదే రకం బ్రేక్ ఆయిల్ సగం దాకా పోసి, నిపుల్ (గాలి తీయడానికి ఉండే చిన్న స్క్రూ) కాస్త వదులు చేసి బుడగలు పోయాక బిగించండి. ఆయిల్ మట్టం దగ్గర దారం కట్టి అరగంట ఆగండి. మట్టం దారం కిందికి జారితే ఆ వైపు సీలు పోయినట్టే. జారకపోతే సీలు బాగుందని పూర్తి భరోసా లేదు. కొన్ని సీళ్లు ఒత్తిడి పడ్డప్పుడే లీకవుతాయి. దానికి గేజీ ఉన్న చేతి పంపుతో మాన్యువల్ చెప్పిన ఒత్తిడి మించకుండా పరీక్ష చేయాలి. అది వర్క్‌షాపులో చేయించండి.

ఒక వైపు సీలు మార్చడానికి యాక్సిల్ ఎలాగూ విప్పుతారు. రెండో వైపు సీలు వయసూ అంతే. రెండూ ఒకేసారి మార్పించండి.

పెడల్ స్పాంజిలా ఉంది. రెండు మూడు సార్లు కొడితే పైకొస్తుంది. గాలేనా?

చాలాసార్లు గాలే. ప్లేట్లు బాగా అరిగినా మొదటి నొక్కుకు పెడల్ లోతుగా దిగుతుంది, కానీ అందిన చోట గట్టిగా ఉంటుంది. గాలి ఉంటే అందిన చోట కూడా మెత్తగానే ఉంటుంది. కాలికి ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

గాలి తీయడానికి ఇద్దరు మనుషులు, అడుగున్నర పారదర్శక పైపు, గాజు సీసా, నిపుల్‌కు సరిపోయే రింగు పానా, మూత సీలు విప్పని లీటరు ఆయిల్ కావాలి. డబ్బా మూత చుట్టూ ఉన్న మట్టి ముందే గుడ్డతో తుడవండి. మూత తీసేటప్పుడు లోపల పడే ఇసుక రేణువు మాస్టర్ సిలిండర్ గోడ మీద గీత పెడుతుంది.

1. రెండు పెడళ్లను కలిపే లాక్ తీసేయండి. డబ్బా నిండా ఆయిల్ పోయండి.
2. ఎడమ వైపు నిపుల్‌కు పైపు తొడిగి, రెండో కొస సీసాలోని ఆయిల్‌లో ముంచండి.
3. పైనున్న మనిషి ఎడమ పెడల్ మెల్లగా నొక్కుతూ ఉండగా కిందనున్న మనిషి నిపుల్ అర చుట్టు వదులు చేయాలి. పెడల్ అడుక్కి చేరి అక్కడే ఉండగానే నిపుల్ బిగించాలి. ఆ తరవాతే పెడల్ వదలాలి. "పట్టు", "వదులు" అని గట్టిగా అరుచుకుంటూ చేయండి, ఇక్కడ తొందరపడితే గాలి మళ్లీ లోపలికి పోతుంది.
4. బుడగలు ఆగేదాకా చేయండి. ఎనిమిది పది నొక్కులకోసారి డబ్బా నింపండి. సగం కంటే కిందికి పోనివ్వొద్దు.
5. కుడి పెడల్‌తో కుడి వైపు ఇలాగే చేయండి.
6. ఇప్పుడు రెండు పెడళ్లకూ లాక్ వేసి, రెండు వైపులా ఇంకోసారి తీయండి.

ఆరో మెట్టే చాలామంది వదిలేస్తారు. రెండు మాస్టర్ సిలిండర్ల మధ్య ఒత్తిడి సమానం చేసే బ్యాలెన్స్ పైపు ఉంటుంది. రెండు పెడళ్లూ కలిపి నొక్కినప్పుడే ఆ దారి తెరుచుకుంటుంది. విడివిడిగా ఎంతసేపు తీసినా అందులోని గాలి అక్కడే ఉంటుంది, రోడ్డెక్కి రెండు పెడళ్లూ కలిపి నొక్కగానే బయటపడుతుంది.

సీసాలోకి వచ్చిన ఆయిల్ మళ్లీ పోయొద్దు. పని అయ్యాక పెడల్ గట్టిగా నొక్కి నిమిషం పట్టుకోండి, కదలకూడదు. తరవాత ఖాళీ స్థలంలో నడక వేగంతో బ్రేకు చూసి, అప్పుడు రోడ్డు మీదికి తీసుకెళ్లండి.

ఎంత తీసినా గాలి వస్తూనే ఉంది.

ఆయిల్ బయటికి రాకపోయినా గాలి లోపలికి వచ్చే చోటు ఉండవచ్చు. డబ్బా నుంచి మాస్టర్ సిలిండర్‌కు వచ్చే రబ్బరు గొట్టం, దాని క్లిప్పు, బ్యాంజో బోల్టుల (మధ్యలో ఆయిల్ దారి ఉన్న బోల్టుల) కింది రాగి వాషర్లు చూడండి. రాగి వాషర్ ఒకసారి నలిగాక మళ్లీ పనికిరాదు, విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి. డబ్బా మూతలో సన్నటి గాలి రంధ్రం ఉంటుంది. దుమ్ముతో అది మూసుకుపోతే డబ్బాలో వ్యాక్యూమ్ ఏర్పడుతుంది. సూదితో శుభ్రం చేయండి.

ఇవన్నీ బాగుండి ఇంకా మెత్తగా ఉంటే కింది నుంచి పైకి తీసి చూడండి. శుభ్రమైన ఆయిల్ క్యాన్ ముక్కును పైపుతో నిపుల్‌కు కలిపి, నిపుల్ వదులు చేసి, కింది నుంచి ఆయిల్ మెల్లగా ఎక్కించండి. గాలి పైకి పోవడమే దాని స్వభావం కాబట్టి డబ్బాలో బుడగలుగా తేలుతుంది. డబ్బా పొర్లకుండా మధ్యలో తోడుతూ ఉండండి.

పెడల్ నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారుతోంది.

మాస్టర్ సిలిండర్ లోపలి సీలు దాటి ఆయిల్ వెనక్కి పోతూ ఉండాలి, లేదా యాక్సిల్ పిస్టన్ సీలు పోయి ఉండాలి. పైపులు విప్పి, మాస్టర్ సిలిండర్ బయటి రంధ్రాలన్నీ, బ్యాలెన్స్ పైపుదీ కలిపి, అదే మర (థ్రెడ్) ఉన్న ప్లగ్గులతో మూసేసి, గాలి తీసి పెడల్ నొక్కండి. ఇంకా జారితే తప్పు సిలిండర్‌ది. రాయిలా నిలబడితే తప్పు కిందిది. హోసును ప్లయర్‌తో నొక్కి చూసే పద్ధతి వద్దు. లోపలి పొర చిట్లి ఆ హోసే కొత్త జబ్బవుతుంది.

సిలిండర్ విప్పాక లోపలి గోడ మీద గోరు జరపండి. గోరుకు తగిలే గీత గానీ తుప్పు గుంత గానీ ఉంటే కిట్ వేయడం దండగ, కొత్త సిలిండర్ వేయండి. ఎమరీతో రుద్ది కిట్ వేస్తే కొన్నాళ్లు పట్టి మళ్లీ జారుతుంది.

పెడల్ గట్టిగానే ఉంది. బండే ఆగడం లేదు.

సర్వో (కాలి బలానికి తోడిచ్చే ఏర్పాటు) ఉన్న మోడలైతే ముందు అది చూడాలి. లేనిదైతే హోసు లోపల ఊడి దారి మూసుకోవడమో, ప్లేట్లు అరిగి నున్నబడటమో కారణం. నిపుల్ వదులు చేసి పెడల్ నొక్కితే ఆయిల్ ధారగా రావాలి. చుక్కచుక్కగా వస్తే హోసు మార్చండి.

బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగుతోంది.

పెడళ్ల లాక్ వేసి ఉందా? ఒక్క పెడల్ నొక్కితే ఒక్క చక్రమే ఆగుతుంది, పొలంలో తిప్పుకోవడానికే ఆ ఏర్పాటు. రోడ్డు మీద లాక్ లేకుండా నడిపితే బండి తిరగబడే ప్రమాదం ఉంది. లాక్ పిన్ అరిగి దానంతటదే ఊడుతున్నా అదే ప్రమాదం, ఆ పిన్ ఆ రోజే మార్చండి.

లాక్ ఉన్నా లాగితే రెండు పెడళ్ల ఎత్తు సమానంగా ఉందో లేదో, టైర్ల గాలి, తరవాత బ్యాలెన్స్ పైపులో గాలి, ఈ వరసలో చూడండి.

బ్రేకు విడవడం లేదు. యాక్సిల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది.

పెడల్ పూర్తిగా వదిలినప్పుడు పుష్ రాడ్డుకు (పెడల్ రాడ్డుకు), సిలిండర్ పిస్టన్‌కు మధ్య కొద్దిగా ప్లే (సందు) ఉండాలి. రాడ్డును వేళ్లతో ఆడిస్తే టిక్కుమని తెలియాలి. ఆ ప్లే లేకపోతే ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్లే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది, ఎండలో ఆయిల్ వ్యాకోచించే కొద్దీ బ్రేకు తనంతట తనే పడుతుంది. ఉదయం బాగుండి మధ్యాహ్నానికి బండి ఈడుస్తోందంటే మొదట చూడాల్సింది ఇదే.

ప్లే ఉన్నా విడవకపోతే, బండి ఈడుస్తున్న సమయంలోనే సమానమైన నేల మీద ఆపి, చక్రాలకు దుంగలు పెట్టి, నిపుల్ వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే ఒత్తిడి పైనే చిక్కుకుంది. ఉబ్బిన సీలో, మూసుకుపోయిన హోసో కారణం. ఆయిల్ రాక, చక్రమూ వదలకపోతే ప్లేట్లు అంటుకున్నాయి లేదా పిస్టన్ పట్టేసింది, యాక్సిల్ విప్పక తప్పదు.

బ్రేకు వేసినప్పుడు వెనక నుంచి మూలుగు, గరగర.

గేర్ ఆయిల్ మార్చిన తరవాత మొదలైందా? అయితే మామూలు 90 గేర్ ఆయిల్ పోసి ఉంటారు. ఆయిల్‌లో మునిగిన ప్లేట్లకు రాపిడిని సరిచేసే మందు కలిసిన ఆయిల్ కావాలి. డబ్బా మీద వెట్ బ్రేకులకు పనికొస్తుందని రాసి ఉండాలి. వేడిగా ఉన్నప్పుడు మొత్తం దించి సరైనది నింపండి. పాతది కొంత లోపలే ఉండిపోతుంది కాబట్టి శబ్దం తగ్గకపోతే కొన్ని గంటలు నడిపి ఇంకోసారి మార్చండి.

ప్లేట్లు ఎప్పుడు మార్చాలి?

ఫ్రిక్షన్ ప్లేట్ల మీద అడ్డగీతల జాలీ ఉంటుంది. ఆ గీతలు చెరిగిపోయే దశకు వస్తే ఆ వైపు సెట్టు మొత్తం మార్చాలి, ఒకటి రెండు ఏరి కాదు. స్టీల్ ప్లేట్లను గాజు పలక మీద పెట్టి వంకర చూడండి, నీలం మచ్చలుంటే అవి కాలాయి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను యాక్సిల్ ఆయిల్‌లో నానబెట్టాకే ఎక్కించండి. పొడివి ఎక్కిస్తే మొదటి బ్రేకులకే మాడతాయి.

చెరువుల తవ్వకంలో, ఉప్పునీటి దగ్గర పని. ప్రత్యేకంగా ఏం చూడాలి?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో తిరిగే బండ్లకు శత్రువులు రెండు. మొదటిది తుప్పు. స్టీల్ బ్రేక్ పైపు క్లిప్పుల కింద, బురద పేరుకునే చోట లోపలికి తింటుంది. క్లిప్పు విప్పి చూస్తేనే తెలుస్తుంది. నిపుళ్లకు రబ్బరు టోపీలు పెట్టండి, లేకపోతే అవసరమైన రోజున నిపుల్ కదలదు, బలవంతం చేస్తే విరుగుతుంది.

రెండోది యాక్సిల్ బ్రీదర్. పని చేసి వేడెక్కిన యాక్సిల్ నీళ్లలోకి దిగగానే చల్లబడి లోపలి గాలి కుంచించుకుపోతుంది, ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి నీళ్లు లాగుతుంది. బురదతో బ్రీదర్ మూసుకుపోతే హబ్ సీళ్ల గుండా లాగుతుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి వచ్చిందంటే నీళ్లు చేరినట్టే. ఆ ఆయిల్‌తో ఇంకో రోజు కూడా నడపొద్దు. ఇలాంటి పనిలో బ్రీదర్ వారానికోసారి విప్పి కడగండి.

హ్యాండ్ బ్రేక్ పట్టడం లేదు. బ్లీడింగ్ చేస్తే సరిపోతుందా?

సంబంధం లేదు. చాలా బండ్లలో అది కేబుల్‌తో పనిచేసే విడి డిస్క్ బ్రేకు. కేబుల్ సర్దుబాటు చేయండి. ప్యాడ్ల మందం 3 మి.మీ. దగ్గరికి వస్తే మార్చండి. డిస్క్ మీద గ్రీజు, ఆయిల్ పడి ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో చూసి ఆ సీలు ముందు మార్చండి. నడుస్తున్న బండిని ఎప్పుడైనా అత్యవసరంగా హ్యాండ్ బ్రేకుతో ఆపారా? ఆ రెండు ప్యాడ్లూ మార్చేయండి, బయటికి బాగున్నట్టు కనిపించినా సరే.

దిగుడులో ఉండగా బ్రేకు పోతే ఆపరేటర్ ఏం చేయాలి?

యాక్సిలరేటర్ వదిలి, గేరు ఒక్కొక్కటే తగ్గించాలి. న్యూట్రల్ వేయకూడదు. హారన్ మోగిస్తూ, హ్యాండ్ బ్రేకును కొద్దికొద్దిగా లాగాలి. వేగం తగ్గాక ముందు బకెట్‌ను నేలకు మెల్లగా ఆనించాలి. వేగంలో ఒక్కసారిగా దించితే బకెట్ నేలలో గుచ్చుకుని బండి అదుపు తప్పుతుంది. బండి తిరగబడేలా ఉన్నా దూకకూడదు, సీటు బెల్టుతో క్యాబిన్‌లోనే ఉండాలి.

డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్‌లో వదిలే అలవాటు మీ ఆపరేటర్‌కు ఉంటే ఈ రోజే మాన్పించండి. ఇంజిన్ పట్టు లేకుండా ఆ బరువంతా పాత సీళ్ల మీదే పడుతుంది.

యాక్సిల్ పని సైటులోనే చేయించవచ్చా?

ముందు బకెట్, వెనక స్టెబిలైజర్ కాళ్లతో బండిని లేపుకోవచ్చు. కానీ లేపిన వెంటనే యాక్సిల్ కింద బరువు తట్టుకునే స్టాండ్లు పెట్టాలి. హైడ్రాలిక్ మీద నిలబడ్డ బండి కిందికి ఎవరూ దూరకూడదు, నిపుల్ బిగించే రెండు నిమిషాలకైనా సరే. గాలి తీయడం, హోసులు, మాస్టర్ సిలిండర్ మార్చడం సైటులో చేయవచ్చు. పిస్టన్ సీలు మాత్రం దుమ్ము లేని షెడ్డులోనే మార్పించండి.